ఉమ్మడి ఖండం కేసు

మా కాలనీ పార్కులో కొత్తగా ఫైబర్ టైరనోసారస్‌ని నిలబెట్టారు. మనిషి దగ్గరికెళ్తే చాలు, నోరు తెరిచి గాండ్రిస్తుంది. దాన్ని క్షమించవచ్చు, అమెరికా సరుకు. దాని పక్కనే పొడుగు మూతి బొమ్మ ఒకటి, కింద బోర్డు: 'డైనోసార్ మొసలి'. ఈ బోర్డు రాసిన మహానుభావుణ్ణి మాత్రం ఏం చేసినా పాపం లేదు.

రాయిలో ఎముక కనబడితే డైనోసార్, మూతి పొడుగ్గా ఉంటే మొసలి, రెండూ కలిస్తే డైనోసార్ మొసలి. మన విజ్ఞానం ఇంత సింపుల్‌గా ఉంటుంది.

మరి ఆదిలాబాద్ నేలలో దొరికిన పారాసూకస్ గతేమిటి? అది ఫైటోసార్ జాతి, అంటే ఎప్పుడో అంతరించిన సరీసృపాల్లో ఒక రకం. సుమారు రెండున్నర మీటర్ల ఒళ్లు, వీపు మీద ఎముక పలకలు, పళ్లు నిండిన సన్నటి మూతి. చూస్తే మొసలే. కానీ మొసలికి ముక్కురంధ్రాలు మూతి కొసన ఉంటాయి, దీనికి కళ్ల ముందు, నెత్తి మీద. ముక్కెక్కడుందో చూడ్డానికి పీహెచ్‌డీ అక్కర్లేదు కదా! మొసలీ కాదు, డైనోసారూ కాదు, రెంటికీ చెడ్డ రేవడి.

అదిప్పుడు స్థానికత సర్టిఫికెట్ కోసం ఆఫీసుకి వచ్చిందనుకోండి.

"ఏ ఊరు, పెద్దాయనా?"

"మలేరి సార్."

"జిల్లా?"

"ఆదిలాబాద్."

"అది 2016లోనే నాలుగు ముక్కలైంది. ఏ ముక్క?"

పారాసూకస్ నీళ్లు నములుతుంది. పుట్టినప్పుడు జిల్లాలే కాదు, దేశాలూ లేవు, ఖండాలన్నీ కలిసి పాంజియా. గుమాస్తా కళ్లజోడు సర్దుకుంటాడు. "అంటే ఉమ్మడి ఖండం కేసు. విభజన తర్వాత ఆప్షన్ ఇచ్చుకున్నావా?" ఇవ్వలేదు. "తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఇక్కడే చదివావా?" లేదు. వయసు 22 కోట్ల ఏళ్ల పైమాటే, ఆధారమేదీ? వేలిముద్ర మెషిన్ మీద పంజా పెడితే ఎర్ర లైటే.

పాత కాగితాలు తీస్తే ఇంకో గొడవ. 1885లో శాస్త్రవేత్త లిడెక్కర్ దొర ఇచ్చిన పేరైతే ఉంది, పారాసూకస్ హిస్లోపి అని. కానీ ఆనాడు జతచేసిన ఎముకల్లో పుర్రె అడుగు ముక్క దీనిది కాదు, ఆకులు అలములు మేసే రింకోసార్‌ది! ఫొటో ఒకరిది, పేరొకరిది. అంతర్జాతీయ జంతు నామకరణ కమిషన్ 2003లో ఆ పేరుకు గుర్తుగా నిలిచే కొత్త ఆధార నమూనాను ఒప్పుకునేదాకా ఈ తప్పు సవరణ కాలేదు. మన ఆఫీసుల్లో పేరులో ఒక్క అక్షరం మార్చడానికి పట్టే టైముతో పోలిస్తే త్వరగానే అయినట్టు.

"ప్రస్తుత నివాసం?"

"కోల్‌కతా సార్. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో."

"అయితే నాన్‌లోకల్. నెక్స్ట్!"

నవ్వింది చాలు. ఆ లెక్కల సంస్థ వాళ్లు వచ్చి మలేరి ఎర్రమట్టిలోంచి పక్కపక్కన పడి ఉన్న రెండు అస్థిపంజరాలను దాదాపు పూర్తిగా బయటికి తీశారు. పురాజీవ శాస్త్రవేత్త శంకర్ ఛటర్జీ 1978లో వాటి వివరం ప్రచురించాడు. పొట్ట భాగంలో అవి మింగిన చిన్న సరీసృపాల ఎముకలు కూడా అలాగే ఉన్నాయి. కోట్ల ఏళ్ల కిందటి ఆఖరి భోజనం! ఆ మింగుడుపడినదానికి కూడా మలేరిసారస్ అని మన ఊరి పేరే పెట్టారు. కోల్‌కతా వాళ్లను తిట్టే మొహం మనకుందా? వాళ్లు తవ్వారు, కడిగారు, దాచారు. మనమేం చేశాం? అదే గోదావరి లోయలో బొగ్గు ఎక్కడెంత ఉందో టన్నులతో సహా నోటికి చెబుతాం. సింగరేణి బోనస్ ఎంతో పసిపిల్లాడికీ తెలుసు. ఎముక సంగతి అడిగితే అమెరికా బొమ్మ తెచ్చి గాండ్రింపిస్తాం. సిగ్గుండాలి. మలేరి పక్క బడిలో చదివే పిల్ల టైరనోసారస్ స్పెల్లింగు తప్పులేకుండా రాస్తుంది, తన కాళ్ల కింద ఏముందో ఆ పిల్లకు ఒక్కడూ చెప్పడు.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మన కోటసారస్ నిలువెత్తున ఉంది కదా అంటారు. ఉంది. అది డైనోసార్ కాబట్టి!