బస్సు ఫ్రీ, రోడ్డు మాత్రం కార్లది

నేనుండే మాల్టాలో, అంటే యూరప్‌లోని ఈ చిన్న ద్వీప దేశంలో, బస్సు లేటయితే అందరూ విరుచుకుపడేది డ్రైవర్ మీదే. "ఎక్కడెక్కడి నుంచో తెచ్చి స్టీరింగ్ చేతికిచ్చారు, వీళ్లకు దారి కూడా తెలియదు" అని బస్టాప్‌లో మొదలైన గొణుగుడు ఫేస్‌బుక్ దాకా పోతుంది. ఆ 'ఎక్కడెక్కడి'లో మన దేశం కూడా ఉంది. మనవాళ్లని వెనకేసుకొస్తున్నా అనుకున్నా సరే, నేను చెప్పేది ఒకటే: తప్పు డ్రైవర్‌ది కాదు, ముందున్న కార్లది.

దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. జీహెచ్‌ఎంసీ పాత హద్దుల్లో సగం కూడా లేదు. జనాభా ఐదు లక్షల పైచిలుకు, వాహనాలు నాలుగు లక్షలకు పైనే. ఇంకా ఆ డ్రైవర్‌ని తిట్టి ఏం లాభం?

రాజధాని వాలెట్టా నుంచి స్లీమా అనే ఊరికి వెళ్లే సంగతే చూడండి. వాలెట్టా ఒడ్డున నిలబడితే స్లీమా ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు కూడా తెలుస్తాయి. ఫెర్రీ ఎక్కితే పది నిమిషాల్లోపే అవతల దిగొచ్చు. బస్సయితే ఫ్లోరియానా, పియెటా, ఇమ్సీదా, గ్జీరా అంటూ నీళ్ల చుట్టూ తిరిగి రావాలి. దారి దూరమని కాదు, ఇమ్సీదా దగ్గరికొచ్చేసరికి నాలుగు వైపుల కార్లూ అక్కడే కలుస్తాయి. సాయంత్రం ఆఫీసులు వదిలే టైమ్‌లో బస్సులో కూర్చుని కిటికీలోంచి చూస్తే ఒక్కో కారులో ఒక్కో మనిషి. మా బస్సులో సీట్లు నిండి, నిలబడ్డవాళ్లు ఒకరి బ్యాగు ఒకరికి గుచ్చుకుంటూ ఉంటారు. అయినా రోడ్డు మీద కారుకెంత హక్కో బస్సుకీ అంతే. అసలు పేచీ ఇక్కడే.

2022 అక్టోబర్ నుంచి ఇక్కడ ఉండేవాళ్లకు తల్లిన్యా అనే బస్సు కార్డు ఉంటే ప్రయాణం ఫ్రీ. ఆడా మగా తేడా లేదు. టూరిస్టులకు మాత్రం వేసవిలో టికెట్ 2.50 యూరోలు, రెండు గంటల్లోపు బస్సులు మారొచ్చు. మాలాంటి జీతగాళ్లకు ఫ్రీ అంటే ఊరటే, కాదనను. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు పెట్టినప్పుడు "ఊరికే ఇస్తే బస్సులు పాడవుతాయి" అన్నవాళ్లు నా చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్లతో నాకు ఇప్పటికీ పడదు. కానీ ఫ్రీ అనగానే కారున్నవాడు బస్సెక్కుతాడనుకోవడం కూడా భ్రమే. రెండు యూరోలు మిగులుతాయని ఏసీ కారు వదిలేసి, ఆగస్టు ఎండలో నీడలేని స్టాప్‌లో ఎవడు నిలబడతాడు? బస్సు తన కారు కంటే ముందు చేరుతుందని కళ్లతో చూస్తేనే ఎక్కుతాడు.

అన్నట్టు, కొత్తగా వచ్చే మన పిల్లలకు ఒక మాట. ఇక్కడ బస్సు ఆగాలంటే చెయ్యి ఎత్తాలి. ఫోన్ చూసుకుంటూ నిలబడితే అది మీ ముందు నుంచే వెళ్లిపోతుంది. చెయ్యి ఎత్తినా, నిండిపోతే ఆగదు. వేసవిలో మధ్య స్టాపుల్లో ఉండేవాళ్లకు రోజూ ఇదే టెన్షన్. వీలుంటే వాలెట్టా కోటగుమ్మం బయట, ట్రైటన్ ఫౌంటెన్ దగ్గరున్న బస్టాండ్‌లోనే ఎక్కండి. చాలా రూట్లు అక్కడినుంచే బయల్దేరతాయి, సీటు దొరికే ఆశ ఉంటుంది.

"పాత పసుపు బస్సుల రోజులే బాగుండేవి" అని ఇక్కడి పెద్దవాళ్లు నిట్టూరుస్తారు. డ్రైవర్లే ఓనర్లు, ముందు భాగంలో దేవుడి బొమ్మలు, సొంత అలంకారాలు. ఫొటోల్లో చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. 2011 జూలైలో వాటిని తీసేసి బస్సులు నడిపే పని అరైవా అనే కంపెనీకి ఇచ్చారు. లండన్‌లో తిరిగిన పొడవాటి జాయింట్ బస్సులు ఈ సన్నటి రోడ్ల మీదికొచ్చాయి, 2013లో కొన్నింటికి మంటలంటుకుంటే పక్కన పెట్టేశారు. 2014 మొదట్లో ఆ కంపెనీ వెళ్లిపోయింది, ప్రభుత్వం తీసుకుంది, 2015లో స్పెయిన్ వాళ్ల చేతికి వెళ్లింది. బస్సు రంగు మారింది, కంపెనీ మారింది, డ్రైవర్లు మారారు. కార్ల వరస మాత్రం ఇంకా పెరిగింది.

ఈ దేశంలో ఒకప్పుడు రైలుండేది, తెలుసా? 1883 నుంచి 1931 దాకా వాలెట్టా నుంచి పాత రాజధాని ఇమ్దీనా వైపు నడిచింది. తర్వాత తీసేశారు. 2021లో మెట్రో ప్లాన్ చూపించారు: మూడు లైన్లు, 25 స్టేషన్లు, 6.2 బిలియన్ యూరోలు. అది వచ్చేదాకా ఆగాలా? రోడ్డు పక్కన పార్కింగ్ ఒక వరస తీసేసి, ఇమ్సీదా నుంచి వాలెట్టా దాకా తెగిపోకుండా బస్ లేన్ వేస్తే చాలు. దానికి బిలియన్లక్కర్లేదు. కారున్న ఓటరుకి కోపం వస్తుందన్న భయం పోవాలి, అంతే.

ఇప్పుడున్న బస్ లేన్లు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. లేన్‌లో బస్సు కాస్త వేగం అందుకునేసరికి అది అయిపోతుంది, మళ్లీ కార్ల మధ్యలోకే రావాలి. డ్రైవర్ ఇండికేటర్ వేసుకుని నిలబడతాడు. దారిచ్చేవాడు ఒక్కడుండడు. ఆ ఆలస్యానికి తర్వాత స్టాప్‌లో తిట్లు తినేది మాత్రం అతనే.