పలకంత తెరకు స్టూడియో ఎందుకు?

సింగరాయకొండ దగ్గర మా బంధువులమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. మొన్న ఫోను నా చేతిలో పెట్టి "బాబాయ్, ఇందులో ఏం చెప్తున్నారో నువ్వన్నా చెప్పు" అంది. కాలేజీ వాళ్లు పెట్టిన ఎకనామిక్స్ పాఠం, యాభై రెండు నిమిషాలు. మైకు సర్దుకోవడం, యాజమాన్యానికి కృతజ్ఞతలు, లోగో తిరగడంతో నాలుగు నిమిషాలు పోయాయి. తర్వాత స్లైడు నిండా చీమల బారులా ఇంగ్లిషు. మాస్టారు దాన్నే పైకి చదువుతున్నారు. లైట్లకు బాగానే ఖర్చుపెట్టారు. ధరను బట్టి జనం ఎంత కొంటారో చూపే డిమాండు రేఖ కిందికి ఎందుకు వాలుతుందో మాత్రం చివరిదాకా తేలలేదు.

ఆన్‌లైన్ పాఠం అనగానే మనవాళ్లు కెమెరా కొంటారు. మార్కాపురం పలక కొనమంటాను నేను. వేళాకోళానికి అనడం లేదు. పలక నాలుగు ముక్కలకే నిండిపోతుంది, చెరిపితేగానీ అయిదోది పట్టదు. ఏ గీత తర్వాత ఏ గీత పడిందో కళ్లముందే కనబడుతుంది. పిల్లల చేతిలో ఫోను ఆ పలకకన్నా చిన్నది, దానిమీద పదిహేను వరసలు కుక్కితే ఎవరు చదువుతారు?

2014లో ఫిలిప్ గువో అనే పరిశోధకుడి బృందం, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించింది. వీడియో ఎంత పొడుగైనా సగటు విద్యార్థి ఆరు నిమిషాలకు మించి నిలవడం లేదు. స్లైడ్ల కంటే చేత్తో రాస్తూ చెప్పినవాటినే ఎక్కువసేపు చూశారు. హంగుల స్టూడియో కంటే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడినవే మేలనిపించాయి. తరగతి గదిలో తీసిన పాఠాన్ని ముక్కలు కోసి పెట్టినా పెద్దగా ఫలితం లేదు.

ఆరు నిమిషాల్లో సిలబస్ ఎలా అవుతుందంటారు లెక్చరర్లు. లెక్కల్లో సూత్రాన్ని మెట్టుమెట్టుగా రాబట్టడానికి నిడివి కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఎవరూ చూడని యాభై రెండు నిమిషాల్లో మాత్రం సిలబస్ ఎక్కడ అయింది?

నిడివి కన్నా నన్ను తినేసే సంగతి మరొకటుంది. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. తందాన తాన అనడంతో వాళ్ల పని తీరదు. "అదేంటన్నా, అట్టెందుకు చేశాడు?" అని అడ్డుపడతారు. జనం మనసులో మెదిలే ప్రశ్నే అది. రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టిన కిటుకు అందులో ఉంది. మన వీడియోలో వంత లేడు. ఆ అమ్మాయిని నేనే అడిగాను: "నిమ్మకాయలు కిలో నూట యాభై అయితే మీ అమ్మ ఎన్ని తెస్తుంది?" "రెండు కాయలు." "ఇరవైకి దిగితే?" "బుట్టెడు తెచ్చి ఊరగాయ పెట్టుద్ది!" అంది, తనే కాగితంమీద గీత గీసింది. వాలుగానే.

2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక 'స్వయం' కోర్సులకు వీడియోతోపాటు చదువుకునే పాఠం, స్వయంపరీక్ష, చర్చావేదిక కూడా ఉండాలని పెట్టారు. మన కాలేజీలు వీడియో ఒక్కటే పట్టుకున్నాయి. ఎందుకంటే మిగిలినవాటిలో పిల్లలు నోరు తెరుస్తారు. డౌటు అడిగినవాణ్ణి "తెలివి ఎక్కువైందా" అని కూర్చోబెట్టే తరగతి గదులే కెమెరా ముందుకొచ్చాయి. ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఇంటర్ నుంచి పిల్లలకు అలవాటు చేస్తున్నది ఇదే: విను, రాసుకో, అప్పజెప్పు.

ఫోను తిరిగి ఇచ్చేముందు ఆ పాఠం కిందికి జరిపి చూశాను. కామెంట్లు ఆపేసి ఉన్నాయి.