ఆరు ఆకుల చక్రం

మేముండే జర్మనీలో మైంట్స్ నగరం చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగితే ఒక గుర్తు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఎర్రరంగు మీద తెల్లటి బండి చక్రం, నడుమ నుంచి అంచుకు పోయే ఆరు ఆకులు. చాలా ఊళ్ళ అధికార చిహ్నాల్లో అదే. దూరాన ఉన్న ఎర్ఫర్ట్ నగరానిదీ అదే.

975 నుంచి 1011 దాకా మైంట్స్‌కు ఆర్చిబిషప్‌గా, అంటే క్రైస్తవ మతపెద్దగా ఉన్న విల్లిగిస్ బండి చక్రాలు చేసేవాడి కొడుకని ఇక్కడి జనం చెప్పుకుంటారు. గొప్పింటివాళ్ళు ఎగతాళిగా ఆయన గోడల మీద సుద్దతో చక్రాలు గీశారట. ఆయన వాటిని తుడిపించలేదు. అదే చక్రాన్ని ఎర్రరంగు మీద తెల్లగా వేయించి, 'ఎక్కడి నుంచి వచ్చావో మరవకు విల్లిగిస్' అని రాయించుకున్నాడట.

ఆయన కాలానికి ఇలాంటి చిహ్నాలే లేవు, అవి పన్నెండో శతాబ్దంలో వచ్చాయి. నిజానికి ఈ ఊళ్ళకు చక్రం మొదట ఏలినవారి ముద్ర, ఇది ఆర్చిబిషప్ నేల అని చెప్పే గుర్తు. 1803లో ఆ ఏలుబడి పోయింది. చక్రం మాత్రం నిలిచింది. ఏలినవాడి ముద్రను జనం ఒక వడ్రంగి కొడుకు కథగా గుర్తుపెట్టుకున్నారు. కథ నిజం కాకపోయినా ఆ గుర్తుపెట్టుకోవడం నిజం. నాకు అదే ముఖ్యం.

మా తాత కూడా బండి చక్రాలే చేసేవాడు. తుమ్మకర్ర ఆకులను చక్రం అంచు పూటీల్లోకి దిగ్గొట్టి, ఎర్రగా కాల్చిన ఇనప పట్టా తొడిగి, వెంటనే నీళ్ళు కుమ్మరించేవాడు. పట్టా బిగుసుకుంటుంటే కర్ర కిర్రుమనేది. అయినా ఇక్కడి మన తెలుగు సంఘం సభల్లో ఎవరైనా అడిగితే 'వ్యవసాయ కుటుంబం' అని చెప్పి ఊరుకునేవాణ్ణి. నాలాంటివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కులం బయటపడుతుందన్న టెన్షన్ మనతో పాటు విమానమెక్కి వచ్చింది. దాన్ని పిల్లలకు అప్పజెప్పడం తప్పు. వచ్చే ఉగాదికి ఆటపాటలతో పాటు మన ఇళ్ళ పనిముట్లకూ ఒక బల్ల వేద్దాం. మగ్గం నాడె, కుమ్మరి సలప, చేపల వల, ఏదైనా సరే.

మేముండే రైన్‌లాండ్-ఫాల్ట్స్ రాష్ట్ర చిహ్నంలో కూడా ఈ చక్రం ఉంది. అందుకే మా కారు నంబర్ ప్లేట్ మీది చిన్న ముద్రలోనూ ఉంటుంది. మొన్న మా అమ్మాయి వంగి చూసి ఆకులు లెక్కపెట్టింది.

"ముత్తాత చక్రానికి ఎన్ని నాన్నా?"

"పన్నెండు."

ఆ బల్ల మీద మొదట పెట్టేది మా తాత బాడిస.