ఉండలు కట్టిన శానిటైజర్

ఇంట్లో శానిటైజర్ చేయబోయే మనిషికి క్రిములతో పెద్దగా పేచీ ఉండదు. పట్టుదలంతా చిక్కదనం మీదే. సీసా వంచితే బద్ధకంగా జారాలి, మధ్యలో బుడగలు వేలాడాలి.

తొలి దెబ్బ లెక్కలో తగులుతుంది. రెండు పాళ్లు ఆల్కహాల్‌కి ఒక పాలు కలబంద గుజ్జు అన్న కొలత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి చెప్పింది. అప్పుడు 66 శాతం మిగులుతుంది. చేతికి దొరికిందేమో 70 శాతం సీసా. అదే కొలతన కలిపితే 47కి దిగుతుంది. కనీసం 60 ఉండాలి కాబట్టి, ఇది క్రిములకు చల్లటి స్నానం. 70 శాతం సరుకైతే 100 మి.లీ.కి 16 మి.లీ. మించి ఏదీ కలపకూడదు. కానీ అంత గుజ్జుతో చిక్కబడదే!

అప్పుడు చిక్కబరిచే కార్బోమర్ వస్తుంది. దూదిలా తేలిపోయే తెల్లపొడి. 100 మి.లీ.కి అర గ్రాము లోపే చాలు. అర గ్రాము ఏ మూలకని చెంచాడు ఒక్కసారే గుమ్మరిస్తారు. ప్రతి ఉండా పైపొర తడిసి బంకై, లోపలికి నీటిని పోనివ్వదు. ఇక ఎంత గిలక్కొట్టినా చేపకళ్లలా మిటకరించి చూస్తూనే ఉంటాయి. పొడిని ముందు వట్టి నీళ్లలో చల్లుతూ కలిపి, గంటసేపు నాననిచ్చి, తర్వాతే ఆల్కహాల్ పోయాలి. ఉండల మీద కోపంతో మిక్సీ జోలికి మాత్రం వెళ్లకండి. ఆల్కహాల్ ఆవిరికి మోటారులోని ఒక్క నిప్పురవ్వ చాలు.

నానాక కూడా పలచగానే ఉంటుంది. పొడి చాలలేదనుకుని ఇంకో చెంచా వేస్తారు. దానికి కావలసింది పొడి కాదు, ఆమ్లగుణాన్ని విరిచే క్షారం. ఆల్కహాల్ 60 శాతం దాటితే అమైనోమిథైల్‌ప్రొపనాల్ అనే క్షారం నయం, అదీ చుక్కచుక్కగా. వంటసోడా పనికిరాదు, సోడియం తగిలిన కార్బోమర్ అంత ఆల్కహాల్‌లో విరిగిపోతుంది. తీరా కుదిరిన జెల్ అరచేతిలో పడగానే నీరైతే గుండె జారనక్కర్లేదు, చెమటలోని ఉప్పు చేసే పని అది.

ఇంతా చేస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో చిక్కబరిచే పదార్థమే లేదు. 10 లీటర్లకు 96 శాతం ఎథనాల్ 8,333 మి.లీ., 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, గ్లిజరిన్ 145, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు. అచ్చం నీళ్లలాగే జారుతుంది. ఇందులోనూ గ్లిజరిన్ చర్మానికి మంచిదని చేతివాటంగా వంపితే వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ జిగట వదలాలంటే సబ్బు పెట్టి 20 సెకన్లు రుద్దాల్సిందే. చేతులు నిజంగా శుభ్రపడేది అప్పుడే.