బోరు ఒంటరిదైతే దిగులూ ఒంటరిదే

మార్చి వచ్చిందంటే దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి దిక్కు రైతుకు కంటి మీద కునుకుండదు. వరి పొట్టకొస్తుంది, బోరు ఆగి ఆగి పోస్తుంది. అలాంటి మనిషికి మనం చెప్పే మందు ధ్యానం. పాత పాలమూరు నేల మీదే, చేగూరు కన్హా శాంతివనంలో, లక్షమంది కూర్చునేంత ధ్యానమందిరం ఉంది. దాన్ని తీసిపారేయను, కూర్చున్న కాసేపైనా గుండెదడ తగ్గుతుంది. ఇంటికొచ్చి మోటరు వేస్తే మళ్లీ గాలే.

ఇక్కడ భూమి కింద గట్టిరాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే. ఒకరి బోరు పోస్తే పది అడుగుల అవతల దుమ్ము లేస్తుంది. పక్కాయన ఇంకో వంద అడుగులు దించితే మన బోరు ఎండుతుంది. వాన కూడా నాలుగు రోజుల్లో కుమ్మరించి వారాల తరబడి మొహం చాటేస్తోంది. బోరు ఫెయిలైతే అప్పు తనదే, సిగ్గూ తనదే. ఆ మాట ఇంట్లో ఆడమనిషికి కూడా చెప్పని వాళ్లున్నారు.

చెరువు కింద సేద్యంలో భయం ఊరందరిదీ. నీరటి తూము తీసేవాడు, నీళ్లు తక్కువైన ఏడు ఎవరి మడి ఎంత పారాలో కూర్చుని తేల్చుకునేవారు. (ఆ కూర్చున్న చోట దళితుడి మాట ఎంత చెల్లిందన్నది వేరే లెక్క. పాత ఊరేం స్వర్గం కాదు.)

మళ్లీ చెరువే దిక్కని కాదు. బోర్లతోనూ కలిసి బతకొచ్చని ఈ నేలే ఒకసారి చూపింది. 2000 తర్వాతి దశాబ్దంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరువు జిల్లాల్లో ఒక పని జరిగింది. వాటిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉన్నాయి. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, యాసంగి ముందు ఊరు కూర్చుని ఉన్న నీళ్లకు ఎంత వరి, ఎంత ఆరుతడి అని లెక్కేసింది. ఎవరినీ బలవంతపెట్టలేదు, ఏ పంట వేయాలో ఎవరికి వారే తేల్చుకున్నారు. నీటి పొదుపు సరే, నాకు అంతకంటే పెద్దదనిపించేది ఇంకోటి: పక్కాయన బోరులో ఎన్ని నీళ్లున్నాయో అన్నది అనుమానం కాకుండా అంకె అయింది. అంకె మీద మాట్లాడుకోవచ్చు, అనుమానం మీద కొట్లాటే.

2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోరుకు అనుమతి కావాలంటుంది. అది ఎంత నడుస్తోందో ఏ బోరు లారీ డ్రైవరును అడిగినా చెబుతాడు. భూగర్భ జల శాఖ మాత్రం పీజోమీటర్లతో, అంటే కొలత కోసమే వేసిన బోర్లతో, నీటిమట్టం కొలుస్తూనే ఉంది. ఆ అంకెను దసరా దాటగానే పంచాయతీ గోడ మీద రాయించి, గ్రామసభలో చదివించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, డబ్బా రంగు చాలు.