మీరు చనిపోయారండీ

2020 సెప్టెంబరులో జీడిమెట్లలో మా ప్యాకింగ్ యూనిట్‌కు తాళం పడింది. జీతం 18 వేలు. నెలనెలా నా వాటా 135, ఓనరు వాటా 585 ఈఎస్ఐకి, అదే కార్మికుల బీమాకి, పోయేవి. అన్నేళ్లలో నాకు తిరిగొచ్చింది రెండు దగ్గుమందు సీసాలు.

మా తోడల్లుడు చల్లని కబురు చెప్పాడు. ఉద్యోగం పోయినోళ్లకు ఈఎస్ఐ వాళ్లే డబ్బిచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఉందట. మనంతట మనం మానేస్తే రాదు గానీ, వాళ్లే తీసేస్తే 30 రోజులాగి అడగొచ్చు. 90 రోజుల దాకా రోజు కూలిలో సగం. ముందు పావు వంతే ఉండేదట, కరోనా పుణ్యాన పెంచారు. లెక్కేస్తే 27 వేలు. ఆ రాత్రే మా ఆవిడ ఫ్రిజ్ వాయిదాలు, చిట్టీ బాకీ అన్నీ తీర్చేసింది, నోటితోనే.

ఆధార్, పాసుబుక్కు, ఫారం పట్టుకుని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకెళ్లాను. కౌంటర్లో మేడమ్ నా ఈఎస్ఐ బీమా నంబరు కొట్టింది. స్క్రీన్ చూసింది. మాస్కు మీద నుంచి నన్ను చూసింది. మళ్లీ స్క్రీన్ చూసింది.

"ఈయన మీకేమవుతారండీ?"

"నేనేనండీ."

"మీరు చనిపోయారండీ."

గొంతులో జాలి ఉంది, కాదనను. లైన్లో నా వెనకాయన మాత్రం రెండడుగులు వెనక్కి జరిగాడు. అసలే కరోనా రోజులు.

ఈ డబ్బు జీవితంలో ఒక్కసారే ఇస్తారట. నాకా జీవితమే అయిపోయింది.

బయటికొచ్చి ఫ్యాక్టరీ క్లర్కుకు ఫోన్ చేశాను.

"ఈఎస్ఐ సైట్ల పనిరోజులు సున్నా అని కొడితే కారణం అడుగుతదన్నా. 'ఎక్స్‌పైర్డ్' అని ఉండె. కాంట్రాక్టు ఎక్స్‌పైర్ అయింది గదా అని నొక్కిన."

"నా ఒక్కడికేనా?"

"లేదన్నా, 37 మందికి."

యాక్సిడెంట్లు కాకుండా చూడమని గోడల నిండా బోర్డులు పెట్టిన యూనిట్ మాది.

ఇంట్లో చెబితే ఆవిడ ఏడవలేదు. "పోయినోళ్లకు ఏమీ ఇవ్వరా?" అంది. అంత్యక్రియల ఖర్చుకు 15 వేలిస్తారన్నాను. బతికుంటే 27. కాసేపు ఆలోచించి, "సరే, ఆ కాగితమేదో తెచ్చుకో" అంది.

వారానికి క్లర్కు లెటర్ ఇచ్చాడు. రిట్రెంచ్‌మెంట్, అంటే కంపెనీయే తీసేసింది అని రాయమని పదిసార్లు చెప్పాను. కంపెనీ ముద్ర, పచ్చ ఇంకు సంతకం, అన్నీ ఉన్నాయి. కౌంటర్లో మేడమ్ చదివి ముసిముసిగా నవ్వింది.

"బతికే ఉన్నారటండీ, సంతోషం. కానీ రిటైర్డ్ అని రాశారే?"

అప్పటికి నాకు 41 ఏళ్లు.