అలుగు కింద వల వేసేవారితో నా పేచీ

చెరువు నిండి అలుగు పారిన ప్రతిసారీ మా నల్లగొండ పల్లెల్లో ఒకటే దృశ్యం కనబడుతుంది. వాగులోంచి ఎదురెక్కి వచ్చే పరకలను, జెల్లలను వలలతో, బుట్టలతో, చివరికి దోమతెరలతో సైతం ఎత్తిపోస్తారు. కడుపు నిండా గుడ్లున్న చేపకు గిరాకీ ఇంకా ఎక్కువ. చిన్నప్పుడు నేనూ ఆ గుంపులో ఉన్నవాడినే కనుక ఈ మాట కొంత సిగ్గుతోనే రాస్తున్నాను.

ఎదురీతను మనం చేప దారి నడకగా మాత్రమే చూస్తున్నాం. వలస చేప శరీరానికి ఆ ఈత గుడ్డు తయారీలో భాగం కూడా కావచ్చునని తెలిపే గట్టి ఉదాహరణ యూరప్ మలుగుపాము (ఈల్ అనే పాములాంటి చేప). అది మేత మానేసి, పేగు కుంచించుకుపోగా, ఒంట్లోని కొవ్వు మీదనే ఆధారపడి సుమారు 5,000 నుంచి 6,000 కిలోమీటర్లు ఈది గుడ్లు పెట్టడానికి అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రం చేరుతుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు ఆ చేపలను ప్రవాహపు గొట్టాలలో నెలల తరబడి ఈదించినప్పుడు, అండకణాలలోకి కొవ్వు చేరడం మొదలైంది. అయితే ఈత ఒక్కటే వాటిని పూర్తి పక్వానికి తేలేదు, ఎందుకంటే మెదడులోని డోపమిన్ అనే రసాయనం ఆ దశకు పగ్గం వేసి ఉంచుతుంది. రెయిన్‌బో ట్రౌట్ అనే చేపలో నిరంతర ఈత గుడ్డులో పచ్చసొన చేరికను వెనక్కి నెట్టింది కూడా. కాబట్టి ఈత ఎక్కువైతే గుడ్లు ఎక్కువవుతాయని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. శక్తి ముందు కండకు, తర్వాత గుడ్డుకు అందే వరుస ఒకటి అక్కడ నడుస్తున్నదని నాకు అర్థమైంది.

మన బొచ్చె, రోహు, మృగాల సంగతి వేరు. అవి చెరువులో పక్వానికి వస్తాయి గాని, వరద ప్రవాహం లేని నిలకడ నీటిలో గుడ్లు పెట్టవు. 1957లో ఒడిశాలో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసం ఎక్కించి ఆ అడ్డంకిని దాటించారు. నేటి హేచరీల సూదిమందులో డోపమిన్ పగ్గాన్ని విప్పే డోంపెరిడాన్ అనే మందు కూడా ఉంటుంది. అంతటితో ఆగకుండా గుండ్రటి తొట్టిలో నీటిని తిప్పుతారు, అంటే సూది వేసినా ప్రవాహాన్ని పూర్తిగా వదులుకోలేకపోయారన్నమాట.

జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టలు కృష్ణను మెట్లుగా కోసేశాయి, అది ఇప్పుడు మార్చలేని సంగతి. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతున్నది, మంచిదే. కానీ ప్రతి ఏటా కొత్తగా పోయవలసిన పిల్లల కంటే, తానే ఎదురెక్కి గుడ్లు పెట్టే తల్లిచేప ఊరికి చౌక కాదా? అలుగు పారిన మొదటి రెండు వారాలు కింద వల వేయరాదని మత్స్య సహకార సంఘాలే తీర్మానించుకోవాలి, కొత్తగా కట్టే మత్తడి పక్కన ఏటవాలుగా రాళ్లు పరిచి చేపకు ఎక్కే దారి వదలాలి. ఆ పదిహేను రోజులు గుడ్ల చేప పులుసు మానుకోవడానికి నేను సిద్ధం. ఇంట్లోవాళ్లను ఒప్పించడమే మిగిలింది.